గుంటక తోలిన ఆటస్థలం

ఆ బడి వెనక నేల నాకు ముందు రంగుగానే గుర్తొస్తుంది. ఎర్రటి నేల. పొద్దుటి ఎండ పడితే కాసేపు గులాబీగా మారేది. పిల్లలు పరిగెడితే లేచిన దుమ్ము వెంటనే దిగేది కాదు, మోకాళ్ల ఎత్తున అలాగే నిలబడేది. అందులోంచి ముందు వాళ్ల నవ్వులు వినిపించేవి, తర్వాత ముఖాలు కనిపించేవి. వెనక ఓర్వకల్లు గుట్టలు. ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చుతూ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టుండే బండలు. కడప నుంచి బదిలీ అయి ఆ ఊరి హైస్కూలుకు ఆటల టీచరుగా వచ్చిన కొత్తలో, కర్నూలులో మొదటి బస్సెక్కి, ఆ గుట్టల ముందు దిగి నడుస్తుంటే నిద్ర ఇంకా నన్ను వదల్లేదేమో అనిపించేది.

రాయి మాత్రం నాకు కొత్త కాదు. మా నాన్న కడపలో బండలు నునుపు చేసే పనిలో ఉండేవాడు. మా వీధిలో ఇళ్ల ముందు నల్లబండలు నిలబెట్టి ఉండేవి. వాటి మధ్య దాగుడుమూతలాడేవాళ్లం. పడేవాళ్లం. మోకాళ్లు చెక్కుకుపోతే అమ్మ పసుపు పెట్టేది, మళ్లీ పరిగెత్తేవాళ్లం. ఆ రోజుల్లో దెబ్బ అంటే సాయంత్రానికి ఎండిపోయేదే.

కాలేజీలో నాలుగు వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. ఒక ఏడాది కుడి మోకాలి లోపల ఏదో పట్టేసినట్టుగా ఉండేది. మా కోచ్ సారుతో చెప్పాను. మంచివాడే ఆయన. "ఏం కాదు, పరిగెత్తు" అన్నాడు. పరిగెత్తాను. రెండో స్థానం వచ్చింది. వారానికి మోకాలు వాచింది. వాపు తగ్గేసరికి నా పరుగు కూడా పోయింది. ఇప్పటికీ కలల్లో పరిగెడుతుంటాను. కలలో మోకాలు ఉన్నట్టే తెలియదు. ఎటు చూసినా ఖాళీ, కాళ్ల కింద మెత్తటి నేల, నా ఊపిరి నాకే దూరంగా వినిపిస్తుంటుంది. ఆటల టీచరునయ్యాక ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను, ఆ మాట నేను ఏ పిల్లతోనూ అనకూడదని.

ఆ ఊళ్లో మా ఆటస్థలం పేరుకే ఆటస్థలం. వాన పడిన ప్రతిసారీ నేలలోంచి కొత్త రాళ్లు పైకి తేలేవి. ఉదయం ప్రార్థనకు ముందు పది నిమిషాలు పిల్లలూ నేనూ వంగి రాళ్లు ఏరేవాళ్లం. ఆడపిల్లలు చున్నీ కొంగుల్లో పోసుకుని ప్రహరీ పక్కన కుమ్మరించేవాళ్లు. మరుసటి వారానికి మళ్లీ అంతే రాళ్లు. అయినా ఆ పది నిమిషాలు నాకు ఇష్టం. వందమంది పిల్లలు మాట్లాడకుండా వంగి నడుస్తుంటే, ఎవరో పారేసుకున్న చిన్న వస్తువు కోసం ఊరంతా వెతుకుతున్నట్టుండేది.

ఆ పిల్ల ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ క్లాసుకు ఆలస్యంగా వచ్చేది. నడక కూడా నెమ్మది. ఇంట్లో కసువు ఊడ్చి, నీళ్లు పట్టి, అమ్మ కూలికి పోయే లోపల సంగటి కెలికి వచ్చేదని తర్వాత తెలిసింది. కానీ ఖోఖో గీతల మధ్యకు వచ్చిందంటే ఆ పిల్లే వేరు. ఎవరి చేతికీ అందేది కాదు. చెయ్యి అందబోతుంటే నడుం ఒక్కసారి వంచేది, పట్టబోయినవాళ్ల చేతిలో గాలి మిగిలేది. పరిగెడుతున్నంతసేపూ కళ్లు సగం మూసుకుని ఉండేవి. ఒకసారి అడిగాను, కళ్లు మూసుకుని ఎట్లా పరిగెడతావని.

"మూసుకోను మేడం. గాలికి అట్ల అయితాయి" అంది.

ఆ ఏడాది మండల పోటీలకు రెండు వారాలుందనగా నాకు ఒక ఆశ పట్టుకుంది. ఆ బడి నుంచి ఆడపిల్లల జట్టు ఎప్పుడూ గెలవలేదట. ఈ పిల్ల ఉంటే గెలవొచ్చు. ఉదయం ఆడించాను, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఆడించాను, బడి వదిలాక పొద్దు గుట్టల వెనక్కి జారేదాకా ఆడించాను. ఆదివారం కూడా రమ్మన్నాను. రాళ్లు ఏరే పది నిమిషాలు ఎప్పుడు మానేశామో గుర్తు లేదు. ఆటకు ముందు కాళ్లూ చేతులూ సాగదీయించడం కూడా మానేశాను, టైము చాలదని. ఆ రెండు వారాలూ ఇప్పుడు తలచుకుంటే ఒకే పొడుగాటి సాయంత్రంలా ఉంటాయి. నా విజిల్, వాళ్ల ఖో, దుమ్ము. నేనే ఆ దుమ్ములో పరిగెడుతున్నట్టు ఉండేది. అదే నా తప్పు అనుకుంటాను. పిల్లల కాళ్లతో నేను పరిగెత్తుతున్నాను.

ఆ గురువారం సాయంత్రం మూడో ఆట అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"కాలు లాగుతాండాది మేడం" అంది, పిక్క పట్టుకుని.

నేను గడియారం చూసుకున్నాను. ఇంకా వెలుతురుంది.

"ఏం కాదు పాపా. ఇంకొక్క ఆట, అంతే" అన్నాను.

అనేశాక కూడా ఆ మాట నాకు వినపడలేదు. ఆ పిల్ల తలూపి వెళ్లింది. నాలుగో ఆటలో స్తంభం దగ్గర తిరగబోతూ కాలు ముడుచుకుపోయినట్టై ఒక పక్కకు ఒరిగింది. పడుతూ చెయ్యి కింద ఆనించింది. అక్కడ అరచేతిలో పట్టేంత రాయి ఒకటి నేలలో సగం పూడి ఉంది. శబ్దం పెద్దగా రాలేదు. పిల్లలు ఇంకా ఖో అంటూనే ఉన్నారు. ఆ పిల్ల లేవలేదు, ఏడవలేదు, మణికట్టు పైన వంకర తిరిగిన చేతి వైపు అది తనది కానట్టు చూస్తోంది.

ఆ తర్వాత నా చేతులే పని చేశాయి. తరగతి గదిలోంచి రెండు చెక్క స్కేళ్లు తెప్పించి, చేతిని సరిచేయడానికి చూడకుండా ఎట్లున్నదాన్ని అట్లే ఆనించి, చున్నీతో కట్టి, ఇంకో చున్నీతో మెడకు వేలాడదీశాను. ఎవరో నూనె రాసి లాగుదామన్నారు. వద్దన్నాను. ఆటోలో కర్నూలు పోతుంటే ఆ పిల్ల తల నా భుజం మీద పెట్టుకుంది. ఒళ్లంతా దుమ్ము వాసన, చెమట వాసన. దారి పొడుగునా ఒక్కటే అడిగింది, పోటీలకు తన బదులు ఎవరిని పెడతారని.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, కట్టు కట్టించి, నన్ను పక్కకు పిలిచింది. ఎన్ని గంటలాడిస్తారని అడిగింది. మధ్యలో నీళ్లు తాగిస్తారా అంది. వారంలో ఆట లేని రోజు ఏది అంది. మధ్యాహ్నం ఏం తిన్నదో తెలుసా అంది. ఆమె గొంతు పెంచలేదు. పెరిగే వయసులో ఎముకలు కండరాల కంటే ముందు సాగుతాయనీ, అలసిన కండరం కాలును సరిగ్గా నిలబెట్టలేదనీ, అప్పుడు పడటానికి రాయి ఉండాల్సిన పని కూడా లేదనీ చెప్పింది. తర్వాత, "ఆట మాన్పించవద్దు. అలసట చూసుకోండి, చాలు" అంది.

తల్లి అప్పుడు వచ్చింది. మిరప చేనులో కలుపు తీస్తుంటే కబురందిందట. వేళ్లకు ఇంకా తడి మన్ను అంటుకుని ఉంది. బిడ్డ పక్కన మంచం మీద కూర్చుని, కట్టు మీద చెయ్యి పెట్టబోయి, మన్ను చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎట్ల పడితివే అని అడిగింది.

"రాయి తగిలి పడితినిమా" అంది ఆ పిల్ల. నా వైపు చూడలేదు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాటను అలాగే ఉండనిచ్చాను.

మరుసటి రోజు ఊరి వాళ్లు ముగ్గురు నలుగురు బడికి వచ్చారు. బడికి పంపేది చదువుకోనీకి గదా సారూ, ఈ దూకులాటలు ఎందుకన్నారు. మా హెడ్మాస్టరు నెమ్మదస్తుడు. ఆయనకు ఇంకో చెయ్యి విరుగుతుందేమోనని నిజంగా భయం వేసింది. ఆటస్థలం వైపున్న గేటుకు తాళం వేయించాడు. ఆటల పీరియడ్ చదువుకునే పీరియడ్ అయింది. పోటీలకు మా జట్టు వెళ్లలేదు. నేను వరండాలో కుర్చీ వేసుకుని పుస్తకాలు తెరుచుకుని కూర్చున్న పిల్లలను చూస్తూ ఉండేదాన్ని. మధ్యాహ్నం మూడు గంటలకు వాళ్ల కళ్లు బరువెక్కేవి. కాళ్లు మాత్రం బెంచీల కింద ఊగుతుండేవి. నలభై జతల కాళ్లు, ఎక్కడికీ పోకుండా గాలిలో నడుస్తుండేవి.

ఒక రకంగా నాకు హాయిగానే ఉండేదని చెప్పాలి. విజిల్ లేదు, భయం లేదు, ఎవరూ పడరు. ఇట్లా ఒక నెల గడిచింది.

ఒక సాయంత్రం బస్సు తప్పింది. పెద్ద రోడ్డు మీద ఇంకో బస్సు దొరుకుతుందని గుట్టల పక్కగా ఉన్న కాలిదారి పట్టాను. పొద్దు వాలుతోంది. బండలన్నీ లోపలి నుంచి వెలుగుతున్నట్టున్నాయి. గాలిలో బోదగడ్డి వాసన. ఎక్కడి నుంచో పిల్లల నవ్వులు తేలుతూ వచ్చాయి. ముందు నా తలలోనే వినిపిస్తున్నాయనుకున్నాను, దుమ్ములోంచి వచ్చే ఆ పాత నవ్వులు. మలుపు తిరిగి చూస్తే గుట్ట మీద పిల్లలు. మా పిల్లలే. ఇరవై మందికి పైగా ఉన్నారు. యూరియా సంచుల మీద కూర్చుని, మూడంతస్తుల మేడంత ఎత్తు ఉన్న నున్నటి బండ మీద నుంచి కిందికి జారుతున్నారు. పక్కన ఇంకొందరు ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి దూకుతున్నారు. ఆ రెండింటి మధ్య సందు చీకటిగా, లోతుగా ఉంది.

అరవబోయి ఆగాను. దూకబోతున్న పిల్ల ఉలిక్కిపడితే అంతే. అట్లాగే నిలబడి, దూకిన పిల్ల రెండో బండ మీద నిలదొక్కుకునేదాకా చూశాను. అప్పుడు నెమ్మదిగా ముందుకు నడిచాను. నన్ను చూసి అందరూ ఆగిపోయారు. ఎవరినీ ఏమీ అనలేదు. దిగి రమ్మని చేత్తో సైగ చేశాను, ఒక్కొక్కరూ దిగారు. పైన ఒక్కరు మిగిలారు. తెల్లటి కట్టు ఎండలో మెరుస్తోంది. ఆ పిల్ల పై బండ మీద కూర్చుని, ఎవరి తర్వాత ఎవరు జారాలో పేర్లు పిలుస్తోంది ఇంతసేపూ.

నేనే ఎక్కి పోయి పక్కన కూర్చున్నాను. మోకాలు సలుపుతోంది. కింద పొలాలు, దూరంగా రోడ్డు మీద బొమ్మల్లా లారీలు.

రోజూ ఇక్కడికి వస్తున్నారా అని అడిగాను.

"గేటుకు తాళం ఏసినారు గదా మేడం. యాడ ఆడాల?" అంది. కోపంగా అనలేదు, నిజంగా అడిగింది.

కాసేపటికి నేను, కాలు లాగుతోందని నాతో చెప్పినావు గదా, మీ అమ్మతో రాయి తగిలిందని ఎందుకు చెప్పినావు అన్నాను.

ఆ పిల్ల కట్టు అంచున ఊడిన దారం పీకుతూ, "చెప్తే మిమ్మల్ని యాడికన్నా పంపించేస్తారు. అప్పుడు ఎవురూ ఆడించరు" అంది.

పదమూడేళ్ల పిల్ల నన్ను కాపాడుతోంది ఇన్నాళ్లూ. ఆ బండ మీద, ఆ వెలుతురులో, నాకు నా కోచ్ సారు గొంతు వినిపించింది. తర్వాత అదే మాట నా గొంతుతో వినిపించింది. ఆ రోజు వినపడని మాట అప్పుడు వినపడింది.

బండ దిగి తిన్నగా వాళ్ల ఇంటికే వెళ్లాను. తండ్రి ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. తల్లి చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కూర్చోమని మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. రాయి సంగతి సగమే నిజమని, కాలు లాగుతోందని బిడ్డ ముందే చెప్పిందని, ఇంకొక్క ఆట అన్నది నేనేనని. పోటీల ఆశ గురించి చెప్పాను. గుట్ట మీద చూసింది కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చెంబు చేత్తో పట్టుకునే ఉంది.

"పైరు తల వాలిస్తే నీళ్లు కావాలని మాకు తెలుస్తాది మేడం" అంది చివరికి. "నోరుండే బిడ్డ చెప్తే గూడా మీకు తెలీలేదా?"

తెలియలేదని చెప్పాను. ఆమె భర్త వైపు చూసింది. ఆయన చొప్ప వేయడం ఆపి మా వైపే చూస్తున్నాడు. ఆమె చెంబు కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపు ఆ నేల చూస్తా నేను" అంది.

మరునాడు పొద్దున కూలికి పోయే ముందు బడికి వచ్చింది. హెడ్మాస్టరుకు గుట్ట సంగతి నేను అప్పటికే చెప్పి ఉన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. తాళం తనే తీశాడు. ఆమె చెప్పులు విడిచి నేల మీదికి దిగి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచింది. మధ్య మధ్య కాలి మడమతో నొక్కింది. వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. బడి మొత్తం వరండాలో నిలబడి చూస్తోంది.

పైన కనపడే రాళ్లు ఏరితే లాభం లేదని చెప్పింది. జానెడు లోతు నుంచి తీయాలి. వాన పడి నేల పదునైనప్పుడు గుంటక తోలితే కత్తికి తగిలి రాళ్లన్నీ పైకి వస్తాయి, అప్పుడు ఏరాలి, ఏరి మళ్లీ తోలాలి. గుంటక అంటే ఎద్దులు లాగే అడ్డకత్తి పనిముట్టు, విత్తనానికి ముందు నేలను పెళ్లగించి చదును చేసేది. ఆటస్థలానికి గుంటక తోలడం గురించి నేనెప్పుడూ వినలేదు. మా కొలతల పుస్తకంలో గీతల పొడుగూ వెడల్పూ ఉంది గానీ నేల లోతు లేదు.

వాన కోసం తొమ్మిది రోజులు ఆగాం. పదో రోజు మధ్యాహ్నం గుట్టల మీద మబ్బు నీలంగా కూర్చుని, గంటసేపు కురిసింది. ఆ ఆదివారం తండ్రి ఎద్దులు కట్టుకుని వచ్చాడు. తల్లితో పాటు కలుపు తీసే గుంపులోని ఆడవాళ్లు ఏడుగురు వచ్చారు. పిల్లలు పిలవకుండానే వచ్చారు. ఎద్దులు నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాయి. వాటి వెనక నేల విచ్చుకుంటూ పోయింది. మన్ను వాసన లేచింది. రాళ్లు తేలుతున్నాయి, పిల్లలు వెనకే నడుస్తూ ఏరుతున్నారు, ఆడవాళ్లు తట్టలతో మోస్తున్నారు. ఆ పిల్ల కట్టు చేతిని మెడకు వేలాడేసుకుని, రెండో చేత్తో ఏరుతోంది. తండ్రి గుంటక ఆపి, "యామ్మీ, నువ్వు కూకో" అన్నాడు. కాసేపు కూర్చుంది, మళ్లీ లేచింది.

నేల అణచడానికి మా దగ్గర రోలరు లేదు. తల్లే చెప్పింది, పిల్లలు ఉండారు గదా అని. సాయంత్రం నీళ్లు చల్లి, నలభై మందిని భుజం భుజం ఆనించి వరసగా నిలబెట్టాం. చిన్న చిన్న అడుగులతో, నేలను తొక్కుతూ ముందుకు కదిలారు. ఎవరో ఒక లయ అందుకున్నారు. అరికాళ్లు తడినేల మీద ఒక్కసారిగా పడుతున్న శబ్దం, మెత్తగా, బరువుగా. పొద్దు గుంకుతున్న వెలుతురులో ఆ వరస అట్లా వస్తూ పోతూ ఉంటే అందులో ఎవరెవరో గుర్తుపట్టడం మానేశాను. నేను కూడా వరసలో కలిశాను. పక్కన కూలి ఆడవాళ్లు కలిశారు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నవ్వుతూ, తొక్కుతూ. వాళ్లలో కొందరికి అదే మొదటిసారేమో బడి ఆటస్థలంలో అడుగు పెట్టడం. తల్లి నా పక్కనే నడుస్తోంది. తను చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల బాగా ఆడేదాన్నని నేల వైపు చూస్తూనే చెప్పింది.

తర్వాతి నెలల్లో ఆ ఆటస్థలం పద్ధతి మారింది. ఖోఖో స్తంభాలకు పాత బొంతలు చుట్టి తాళ్లతో బిగించాం. దూకే గుంతలో వంక నుంచి తెచ్చిన ఇసుక, దాని మీద బుడ్డల పొట్టు పోశాం. వేరుశనగను ఆ ఊళ్లో బుడ్డలంటారు, ఆ పొట్టుకు అక్కడ కొదవ లేదు. అందులో దూకితే కరకరమనే చప్పుడు వినడానికే చిన్నపిల్లలు పదేపదే దూకేవాళ్లు. వేపచెట్టు కింద నీళ్ల కుండలు పెట్టాం. దాహమైనా కాకపోయినా విజిల్ వేసినప్పుడల్లా తాగాలి. ఆటకు ముందు పది నిమిషాలు రాళ్లు ఏరడం మళ్లీ మొదలైంది. వంగడం, నడవడం, లేవడం, ఒళ్లు వెచ్చబడటానికి అంతకంటే మంచిది నాకు తెలియదు. ఎండ మండే వేళ ఆట లేదు. ఒకే ఆట వారమంతా ఆడించడం మానేశాను. ఒకరోజు ఖోఖో, ఒకరోజు తాడాట, ఒకరోజు బంతి.

వారంలో ఒక రోజు ఆట పూర్తిగా సెలవు. దానికి కారణం తల్లే. నేలనైనా ఒక కారు పంటేయకుండా బీడు పెడతాం గదా మేడం, అని అడిగింది ఒకసారి బస్సు స్టాపులో. ఆ రోజు పిల్లలు వేపనీడలో పడుకునేవాళ్లు, ఆకాశం చూసేవాళ్లు, కథలు చెప్పుకునేవాళ్లు.

ఇంకొకటి కూడా పెట్టాను. ఎక్కడ నొప్పి పుట్టినా, కళ్లు తిరిగినా చెయ్యెత్తి గీత దాటి బయటికి వచ్చేయాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు, నేను కూడా. మొదటి రోజు సగం మంది చెయ్యెత్తి వేపచెట్టు కింద చేరారు, నవ్వుకుంటూ. ఊరుకున్నాను. వారం తిరిగేసరికి కూర్చోవడం వాళ్లకే విసుగు పుట్టింది. ఆ తర్వాత ఎత్తిన ప్రతి చెయ్యీ నిజమే.

ఆ పిల్లకు కట్టు విప్పినప్పుడు చెయ్యి సన్నగా, తెల్లగా, ఇంకెవరిదోలా ఉంది. డాక్టరమ్మ ఇంకో రెండు నెలలు పరుగు వద్దంది. గుడ్డ ముద్దను పిండటం, మణికట్టు మెల్లగా తిప్పటం నేర్పింది. ఆ పిల్ల తొందరపడింది. రోజూ వచ్చి నా ముందు నిలబడి చెయ్యి మడిచి చూపించేది. బాగైంది గదా మేడం అనేది. నాక్కూడా లోపల ఎక్కడో సరే అనాలనిపించేది. అనలేదు. విజిల్ చేతికిచ్చి ఆట చూసుకునే పెద్దగా నిలబెట్టాను. నాకంటే ముందు తనే కనిపెట్టేది, ఎవరి అడుగు తేడాగా పడుతోందో, ఎవరి పెదాలు ఎండాయో.

మరుసటి ఏడాది పోటీలకు వెళ్లాం. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఆ ఏడు మండల పోటీలు కర్నూలు మైదానంలో పెట్టారు, చుట్టూ అరుపులు, ఎర్ర జెండాలు. తల్లి ఆ రోజు కూలికి పోకుండా వచ్చింది. సెమీఫైనల్‌లో ఆ పిల్ల చాలాసేపు దొరకలేదు. కళ్లు అట్లాగే సగం మూసి ఉన్నాయి. ఇంకో నిమిషం నిలిస్తే గెలుపు మాదే. అప్పుడు చెయ్యెత్తింది. ఎత్తి, నా వైపు చూసి, నెమ్మదిగా గీత దాటి వచ్చేసింది.

ఆ క్షణంలో నా నోట్లో ఏ మాట కదిలిందో నాకు తెలుసు. దాన్ని మింగేసి, నీళ్ల సీసా ఇచ్చాను. పిక్క కండరం పట్టేసింది. కింద కూర్చోబెట్టి, మడమ పట్టుకుని మెల్లగా సాగదీశాను. మేం ఓడిపోయాం. జట్టులో ఇద్దరు పిల్లలు ఏడ్చారు, ఒకరు ఆ పిల్లతో మాట్లాడలేదు. తిరుగు బస్సులో గాలి కొడుతుంటే ఒకరి మీద ఒకరు వాలి అందరూ నిద్రపోయారు, మాట్లాడనిది కూడా ఆ పిల్ల మీదికే వాలింది. తల్లి నా పక్క సీటులో కూర్చుని వాళ్లను చూస్తోంది. గెలిచేవాళ్లమే అన్నాను నేను, ఉండబట్టలేక.

"నడుసుకుంటా ఇంటికి వస్తాంది గదా. నాకదే శానా" అంది ఆమె, కిటికీ వైపు తిరిగి.

నేను ఆ బడిలో ఇంకో నాలుగేళ్లున్నాను. ఒకసారి మండలంలో గెలిచాం, ఆ పిల్ల చదువు ముగించి వెళ్లిపోయాక. ఆ నాలుగేళ్లలో మోకాళ్లు చెక్కుకుపోయాయి, ఒకరికి మడమ బెణికింది, ఒక పిల్లకు పన్ను కొస విరిగింది. ఆట ఉన్నచోట అంత మాత్రం ఉంటుంది. గుట్ట మీద జారేవాళ్లు మాత్రం మళ్లీ కనపడలేదు. ప్రతి ఏడూ తొలి వానకు ఆ తండ్రి ఎద్దులు కట్టుకుని వచ్చేవాడు, రానురాను ట్రాక్టరుతో వచ్చాడు.

ఇప్పుడు మళ్లీ కడపలో ఉన్నాను. మా బడి ఆవరణంతా సిమెంటు. పిల్లలు పడితే ఏమవుతుందోనని తల్లులు గేటు దగ్గరే నిలబడి చూస్తుంటారు. వాళ్లను లోపలికి పిలిచి, పిల్లలతో పాటు నడిపిస్తున్నాను. మెత్తటి పరుపులు తెప్పించాం, పరుగును తగ్గించి తాడాటలు పెంచాం. ఇది ఇంకా కుదురుకోలేదు.

ఆ పిల్ల కర్నూలులో డిగ్రీ చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసింది. ఖోఖో మానేసిందట, ఇప్పుడు షటిల్ ఆడుతోందట. ఎందుకు మానేశావని అడిగాను, కొంచెం బాధగానే.

"ఊరికే మేడం. ఇది బాగుంది" అంది. వెనక ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆట మొదలవుతోందని, తర్వాత మాట్లాడతానని పెట్టేసింది. నేను ఫోన్ సంచిలో వేసుకుని, నీళ్ల సీసాలు నింపడానికి కుళాయి దగ్గరికి నడిచాను.